సాల్ట్ లేక్ వీధుల్లో పాత ఆటల వేట

మన కార్యాలయ మిత్రులలో సెలవు దినాన మిద్దె మీద వంగ మొక్కలు పెంచేవారున్నారు, ఉచితంగా హోమియోపతి మందులిచ్చేవారున్నారు, కాలనీ పిల్లలకు లెక్కలు చెప్పేవారున్నారు. నేను పాత వీడియో గేములు ఏరుకుంటాను. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఎదుటివారు ఒక్క క్షణం ఆగి, "మనుమడి కోసమా?" అని మర్యాదగా అడుగుతారు. నాకింకా మనుమలు లేరు. పదవీ విరమణకు మూడేళ్ళ దూరంలో ఉన్న ఒక ఎలక్ట్రికల్ ఇంజనీరు ముప్పై యేళ్ళ నాటి ప్లాస్టిక్ పెట్టెలను తుక్కు బండి మీది నుండి తన కోసమే తెచ్చుకుంటాడన్నది నమ్మశక్యంగా ఉండదు కాబోలు. సంపాదకవర్గం వారు ఈ వ్యాసం కోరినది కూడా ఆ కుతూహలంతోనే అనుకుంటున్నాను.

ఈ అలవాటుకు బీజం పడినది ఇక్కడ కాదు. 2017 వేసవిలో మేము ఒహాయోలోని మా అక్కయ్య ఇంట నెల రోజులున్నాము. ఆ దేశంలో శనివారం ఉదయం ఇంటి ముందరి పచ్చికలో బల్లలు వేసి, తమకు అక్కరలేని సామాను పరచి అమ్ముతారు. దానిని యార్డ్ సేల్ అంటారు. కారు షెడ్డులో పెడితే గరాజ్ సేల్ అవుతుంది. పిల్లలు అమెరికాలో ఉన్న మన పాఠకులకు ఇది తెలిసినదే. బావగారు స్పానర్ల కోసం తిరిగేవారు, నేను తోడు వెళ్ళేవాడిని. ఒకచోట అట్టపెట్టెలో బూడిద రంగు క్యాసెట్లు గుట్టగా పడివున్నాయి. ఒక్కొక్కటి ఒక డాలరు. ఒకటి తీసి తిప్పి చూశాను. అడుగు భాగంలో వరుసగా బంగారు పూత పూసిన రాగి పట్టీలు. చూడగానే 1993 గుర్తుకు వచ్చినది.

ఆ ఏడు నేను ఉద్యోగంలో చేరిన మూడవ సంవత్సరం. బోనసు డబ్బుతో ఏలూరులో చదువుకుంటున్న మా తమ్ముడికి 'లిటిల్ మాస్టర్' అనే వీడియో గేమ్ కొనిపెట్టాను. మా నాన్నగారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆయన భయపడినట్లు తమ్ముడేమీ చెడిపోలేదు, నేడు బ్యాంకు అధికారిగా ఉన్నాడు. ఆ పెట్టె మాత్రం ఇల్లు మారినప్పుడెప్పుడో పాత సామానువాడి తట్టలోకి పోయినది. ఒహాయోలో ఆరు డాలర్లిచ్చి ఆరు క్యాసెట్లు కొని, కలకత్తా దాకా మోసుకొచ్చాను. వచ్చిన తరువాత తెలిసినదేమిటంటే అమెరికా క్యాసెట్టుకు 72 పిన్నులు, మన దేశంలో అమ్మిన యంత్రాలకు 60 పిన్నులు. ఒక్కటీ పట్టలేదు. అలా పట్టని క్యాసెట్లతో మొదలైనది నా సేకరణ.

కొద్దిగా పూర్వచరిత్ర

ఇంటి టెలివిజనుకు తగిలించి ఆడే మొదటి యంత్రం 1972లో అమెరికాలో వచ్చిన మ్యాగ్నవాక్స్ ఒడిస్సీ. దాని మూలపురుషుడు రాల్ఫ్ బేర్ అనే ఇంజనీరు. అదే సంవత్సరం అటారీ సంస్థ 'పాంగ్' అనే బంతాటను విడుదల చేసినది. పదేళ్ళలో ఆ వ్యాపారం ఉబ్బి, 1983లో కుప్పకూలినది. అమ్ముడుపోని సరుకును అటారీ వారు న్యూ మెక్సికో రాష్ట్రంలో అలమోగార్డో పట్టణపు చెత్తదిబ్బలో పూడ్చిపెట్టారు. 2014 ఏప్రిల్ 26న ఆ దిబ్బను త్రవ్వి, సుమారు 1,300 క్యాసెట్లను బయటికి తీశారు. వాటిలో కొన్ని మ్యూజియములకు చేరినవి, కొన్ని వేలానికి వెళ్ళినవి. తుక్కు ఎంతకాలం తుక్కుగా ఉంటుందో చెప్పడం కష్టమని దీనిని బట్టి తెలుస్తున్నది.

సరిగ్గా ఆ 1983 జూలైలోనే జపానులో నింటెండో సంస్థ 'ఫ్యామిలీ కంప్యూటరు'ను విడుదల చేసినది. మన దేశపు మధ్యతరగతి ఇళ్ళలోకి 1990 తరువాత వచ్చిన సమురాయ్, లిటిల్ మాస్టర్ మొదలైనవన్నీ ఆ వంశానివే. మన వాళ్ళెవరూ కార్ట్రిడ్జి అన్న మాట వాడలేదు. పాటల క్యాసెట్టు, సినిమా క్యాసెట్టు, ఆటల క్యాసెట్టు, అంతే. 1995లో సెగా వారి మెగా డ్రైవ్ యంత్రాన్ని షా వాలెస్ సంస్థ ఇక్కడ పంపిణీ చేసినది. 80 శాతం దిగుమతి సుంకాన్ని తప్పించుకొనడానికి ఆ ఏర్పాటు. అయినను ధర 18,000 రూపాయలు. ఆనాడు నా రెండు నెలల జీతం కంటె అది ఎక్కువ. షా వాలెస్ కలకత్తా సంస్థ కనుక, ఈ ఊరి అటకల మీద అవి కోకొల్లలుగా ఉంటాయని లెక్క వేశాను. ఏడేళ్ళలో దొరికినది ఒక్కటి. దాని లోపల ఎలుక కాపురం చేసి వెళ్ళినది.

ఇంజనీర్లకు ఒక ముచ్చట చెప్పాలి. ఆ జపాను యంత్రపు ప్రాసెసరు వేగం 1.79 మెగాహెర్ట్‌జులు, పనిచేసే స్మృతి 2 కిలోబైట్లు. 1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడినది. నేను సంపాదకులకు పంపుతున్న ఈ వ్యాసం ఫైలు అంతకంటె పెద్దది. అందులో ఆకాశాన ఉన్న మేఘము, నేల మీద ఉన్న పొద ఒకే బొమ్మ. రంగు మార్చి రెండుసార్లు వాడుకున్నారు. పొదుపు అంటే అది. మన కొనుగోలు విభాగం వారు గమనించవలసినది.

పచ్చిక లేదు, కేక ఉన్నది

సాల్ట్ లేక్‌లో యార్డ్ సేల్ అనేది లేదు. తన ఇంటి పాత సామాను ఇంటి ముందు పరచుకొని కూర్చోవడం బెంగాలీ గృహస్థుకు ప్రాణసంకటం. దాని బదులు వీధిలోకి 'బిక్రీవాలా' వస్తాడు. మూడు చక్రాల తొక్కుడు బండి, దాని మీద త్రాసు, గోనెసంచులు. పాత వార్తాపత్రికలు, విరిగిన ఇనుము, పాడైన రేడియో ఏదైనా కొంటానని కేకవేస్తూ వెళ్తాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క సరిహద్దు ఉంటుంది. ఈ ట్యాంకు నుండి ఆ ట్యాంకు దాకా ఒకరిది, అక్కడి నుండి మరొకరిది. కొత్తగా బదిలీపై వచ్చినవారికి ఒక మాట: ఇక్కడ చిరునామాకు వీధి పేరు ఉండదు, బ్లాకు అక్షరాలు, ఇంటి సంఖ్య మాత్రమే. దారి చెప్పేటప్పుడు నీళ్ళ ట్యాంకు నంబరు చెబుతారు. నాలుగవ నంబరు ట్యాంకు, పదమూడవ నంబరు ట్యాంకు అని రిక్షా వారిని అడిగితే తీసుకొని పోతారు.

ఈ ఊరు సహజంగా ఏర్పడినది కాదు. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ 1962లో తన మరణానికి కొద్ది ముందు ఈ పథకాన్ని ప్రారంభించారు. హుగ్లీ నదీగర్భం నుండి పూడికను నీటితో కలిపి గొట్టాల ద్వారా తోడి, ఉప్పునీటి చెరువులను పూడ్చి నేల చేశారు. నగర రచన యుగోస్లావియాకు చెందిన దొబ్రివోయ్ తోష్కోవిచ్‌ది. స్థలాలను 999 సంవత్సరాల కౌలుకు ఇచ్చారు. వాటిలో 1970, 80 దశకాలలో ఇళ్ళు కట్టుకున్నవారు అధికారులు, వైద్యులు, ఆచార్యులు, మనవంటి సంస్థల ఇంజనీర్లు. వారి పిల్లలు బెంగుళూరుకో అమెరికాకో వెళ్ళారు. రెండంతస్తుల ఇంటిలో ఇద్దరు వృద్ధులు, ఒక పనిమనిషి, పై అంతస్తులో తాళం వేసిన ఒక గది. ఆ గదిలో ఏముంటుందో నాకిప్పుడు చూడకుండానే తెలుసు: క్యారమ్ బల్ల, ప్రవేశపరీక్షల పుస్తకాలు, క్రికెట్ బ్యాటు, ఒక అట్టపెట్టెలో వీడియో గేమ్. దుర్గాపూజకు ముందు ఇల్లు దులిపేటప్పుడు ఆ గది తెరుస్తారు. మహాలయ అమావాస్యకు ముందు మూడు వారాలు నా వంటి వారికి పంట కోతల కాలం.

మా వైపు వచ్చే బిక్రీవాలా క్యానింగ్ ప్రాంతం నుండి తెల్లవారుజామున రైలెక్కి వస్తాడు. నాకంటె పదేళ్ళు చిన్న. నన్ను 'దాదా' అంటాడు. మొదటి రోజుల్లో నా చేతిలో వస్తువు చూసి ధర చెప్పేవాడు. నా కళ్ళు చూసి చెప్పడం త్వరలోనే నేర్చుకున్నాడు. కావున నేను ముందుగా పాత స్టవ్వు గురించి అడిగి, ఇనుప చట్రం బరువు విచారించి, చివర అదేమిటో తెలియనివాడిలా క్యాసెట్టును వేలితో చూపిస్తాను. అతడు నవ్వుతాడు. తరువాత ఇద్దరమూ న్యాయమైన ధరకే వస్తాము. నేను తీసుకోకపోతే ఆ పెట్టెల గతి ఏమిటో చూసినవాడిని. ప్లాస్టిక్కు ఒక గుట్ట, తీగల రాగి ఒక గుట్ట, పలకల మీది బంగారు పూత కోసం ఆమ్లపు తొట్టి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఇ-వ్యర్థాల నియమావళి జాబితాలో చేతి వీడియో గేములు కూడా చేరినవి. నమోదైన సంస్థలకే పోవాలని నియమం. తొక్కుడు బండి ఇంకా మా వీధిలోకి వస్తూనే ఉన్నది.

ఇతర స్థలాలు కూడా చూశాను. శనివారం మధ్యాహ్నం చాందినీ చౌక్ బజారుకు వెళ్తాను. అక్కడ దొరకని కెపాసిటరు ఉండదు, పని తెలిసిన ముసలి మెకానిక్కులు ఇంకా మిగిలి ఉన్నారు. కిదిర్‌పూర్ రేవు దగ్గరి ఫ్యాన్సీ మార్కెట్టు ఒకప్పుడు విదేశీ వస్తువులకు పేరుపడినది. ఈ ఊరి పిల్లల చాలా ఆటలు అక్కడివే. ఇప్పుడు అక్కడ నాకు దొరికేది జ్ఞాపకాలే. ఆదివారం వేలాల కోసం రసెల్ వీధికి వెళ్ళి, 1940 నుండి నడుస్తున్న రసెల్ ఎక్స్ఛేంజిలో రెండుసార్లు కూర్చున్నాను. బర్మా టేకు అలమారల మధ్య వీడియో గేమ్ వస్తుందని ఆశించడం నా తప్పు. రెండవసారి ఒక గోడ గడియారం కొని ఇంటికి వచ్చి, దానికి కూడా సమాధానం చెప్పుకోవలసి వచ్చినది.

మా శ్రీమతికి ఈ వ్యవహారం మీద సదభిప్రాయం లేదు. క్వార్టరులో రెండవ పడకగది అటక నిండినది, మంచం క్రింద కూడా నిండినది. 2021 జూలైలో 'సూపర్ మారియో 64' అనే ఆట, సీలు విప్పని పెట్టె ఒకటి, అమెరికాలో వేలంలో 15.6 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినదని పత్రికలో చదివి, ఒక వారం రోజులు ఆ మంచం క్రింద స్వయంగా ఊడ్చింది. మనవాటికి సీలు లేదని, అట్టపెట్టె కూడా లేదని నేను చెప్పిన తరువాత పరిస్థితి పూర్వస్థితికి వచ్చినది.

శుభ్రపరచుట

పాత క్యాసెట్టు పనిచేయకపోతే పిల్లలందరూ చేసినది ఒకటే: అడుగు భాగంలో గట్టిగా ఊదడం. ఎవరూ నేర్పకుండానే ఏలూరు పిల్లవాడూ ఒహాయో పిల్లవాడూ అదే చేశారు. నిజానికి పని చేసినది ఊపిరి కాదు, తీసి మళ్ళీ పెట్టడం. ఊపిరిలోని తేమ పట్టీలను తుప్పు పట్టిస్తుంది. రిలే విభాగంలో మనం కార్డుల అంచులను ఎలా శుభ్రం చేస్తామో అదే పద్ధతి ఇక్కడ కూడా: ఐసోప్రొపైల్ ఆల్కహాలు, చెవి పుల్ల, ఓపిక. కలకత్తా వానాకాలపు తేమకు బూజు పట్టిన బోర్డులు కూడా తొంబై పాళ్ళు బ్రతుకుతాయి.

క్యాసెట్టు మీద '9999999 ఆటలు ఒకే దానిలో' అని వ్రాసి ఉంటే నమ్మవద్దు. లోపల ఉండేది ఏడో ఎనిమిదో. అదే ఆటను మూడవ అంకం నుండి మొదలుపెట్టి కొత్త సంఖ్య ఇస్తారు. ఒకసారి ఒక శనివారమంతా కూర్చుని, 150 ఆటల పట్టికను సరిచూసి, అసలైనవి 11 అని తేల్చాను. ఆ తనిఖీ నివేదిక ఎవరికి పంపాలో తెలియలేదు.

బాతులను కాల్చే తుపాకీ ఆట గుర్తున్నదా? దానిని కొత్త పలుచటి టెలివిజను మీద ఆడితే ఒక్క బాతూ పడదు. కారణమేమిటంటే, ఆ తుపాకీ నుండి కాంతి వెలువడదు, తుపాకీయే కాంతిని చూస్తుంది. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, తరువాతి క్షణంలో బాతు ఉన్న చోట మాత్రం తెల్లటి చదరం వెలుగుతుంది. గొట్టంలోని ఫోటోడయోడు ఆ తెలుపును చూస్తే గురి తగిలినట్లు. ఈ లెక్కంతా పాత పిక్చర్ ట్యూబు తెర మీద గీతలు ఏ వేగంతో పడతాయో దాని మీద ఆధారపడి ఉన్నది. కొత్త తెర కొన్ని క్షణాంశాలు ఆలస్యంగా చూపుతుంది, అప్పటికి తుపాకీ చూపు తిప్పుకుంటుంది. అందువలన నేను ఒక 14 అంగుళాల పాత టెలివిజను కూడా ఇంటికి తేవలసి వచ్చినది. అది మూడవ పడకగది లేనందున భోజనాల గదిలో ఉన్నది.

ఒక చిన్న బ్యాటరీ

ఇక అసలు చెప్పదలచినది. కొన్ని ఆటలు ఒక పూటలో ముగియవు, నెలల తరబడి ఆడాలి. ఆపిన చోటు గుర్తుండడానికి క్యాసెట్టు లోపల ఒక స్మృతి చిప్పు, దానికి తోడుగా నాణెమంత లిథియం బ్యాటరీ ఉంటాయి. యంత్రం ఆపివేసినా ఆ 3 వోల్టులు చిప్పును బ్రతికిస్తూ ఉంటాయి. 165 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ నుండి నిరంతరంగా ఒక మైక్రో ఆంపియరు పోతున్నదనుకుంటే, 1,65,000 గంటలు, అనగా సుమారు 19 సంవత్సరాలు. అంతకంటె తక్కువ వాడుకునే చిప్పులు ఇరవై అయిదేళ్ళు కూడా నడుస్తాయి. తరువాత ఒకరోజు నిశ్శబ్దంగా అంతా పోతుంది.

ఇటువంటి క్యాసెట్టు దొరికినప్పుడు నా పద్ధతి స్థిరంగా ఉండేది. పరీక్షించు, విప్పు, పాత బ్యాటరీ తీసి కొత్తది అతుకు, మూసివేయి. రిజిస్టరులో తేదీ, ధర, పాత బ్యాటరీ వోల్టేజి, కొత్త బ్యాటరీ వోల్టేజి నమోదు చేయి. ఏడేళ్ళలో 14 క్యాసెట్లకు ఇలా చేశాను. బ్యాటరీ తీయగానే స్మృతి చెరిగిపోతుందని నాకు తెలుసు. అది దోషమని తోచలేదు. పాతవారి ఆట పోయి, పలక శుభ్రమైనదనుకున్నాను.

2024 సెప్టెంబరులో ఒక శనివారం బిక్రీవాలా సంచిలో ఊదా రంగు 'గేమ్ బాయ్ కలర్' ఒకటి కనిపించినది. 1998లో వచ్చిన చేతి యంత్రం. లోపల 'పోకెమాన్' ఎరుపు క్యాసెట్టు, అసలైనది. 180 రూపాయలకు ఇచ్చాడు. ఇంటికి వచ్చి, రెండు పెన్సిలు సెల్లులు వేసి నొక్కాను. తెర మీద మొదటి పంక్తి, ఆటను కొనసాగించమంటూ. దాని క్రింద ఆటగాడి పేరు, నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. గెలిచిన బిళ్ళలు 6. ఆడిన సమయం 81 గంటల 14 నిమిషాలు. నేను సోల్డరింగు ఐరన్ వేడికి పెట్టాను.

మా శ్రీమతి టీ తెచ్చి, నా భుజం మీదుగా చూసి, "ఆ పేరెవరిది?" అన్నది.

"ఎవరో కుర్రవాడిది. ముద్దుపేరు." బెంగాలీలకు బడిలో ఒక పేరు, ఇంటిలో ఒక పేరు. ఇది రెండవ రకం.

"బ్యాటరీ మారిస్తే?"

"పోతుంది."

ఆమె కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ పద్నాలుగింటిలోనూ ఇలాగే పేర్లున్నాయా?" అని అడిగినది.

రిజిస్టరు నా ముందే ఉన్నది. వోల్టేజీలు రెండు దశాంశ స్థానాల వరకు వ్రాసి ఉన్నాయి. పేర్లు నేను చూడలేదు. చూసి ఉంటాను, చదవలేదు. ఐరన్ ప్లగ్గు తీసివేశాను.

మరుసటి శనివారం బిక్రీవాలాను పట్టుకొని ఆ సంచి ఏ ఇంటిదని అడిగాను. తిరిగి ఇవ్వమంటానేమోనని మొదట బెదిరాడు, తరువాత బండి వెనుక నడిపించుకొని పోయి రెండవ సెక్టారులో ఒక ఇల్లు చూపించాడు. గేటు దగ్గర పనిమనిషి చెప్పినది. ఆ ఇంటి అబ్బాయి 2003లో జ్వరంతో పోయాడు. పన్నెండవ తరగతి. ఆ యేడాదే తండ్రి పదవీ విరమణ చేశారు, ఇప్పుడాయన కూడా లేరు. పూజ ముందు మాసీమా పై గది ఖాళీ చేయించింది. ఏది ఏమిటో ఆమెకు తెలియదు, లెక్క యంత్రం అనుకున్నది. నేను లోపలికి వెళ్ళలేదు. వెళ్ళి ఏమి చెప్పాలి? బ్యాటరీని కొలిస్తే 2.7 వోల్టులు చూపినది. తీసుకెళ్ళి ఇచ్చిన నెలకు అది చనిపోతే, ఆమెకు రెండవసారి అదే జరుగుతుంది.

అయిదవ సెక్టారులో ఒక సాఫ్ట్‌వేరు సంస్థలో పనిచేసే కుర్రవాడొకడు నా వంటి వేటగాడే. చాందినీలో పరిచయం, నన్ను 'కాకు' అంటాడు. అతని దగ్గర క్యాసెట్టులోని స్మృతిని కంప్యూటరులోకి చదివే పరికరం ఉన్నది. ముందుగా నకలు తీసుకున్నాము. మొత్తం 32 కిలోబైట్లు. నకలు ఉన్నది కదా, ఇక బ్యాటరీ తీసివేసి, తరువాత తిరిగి వ్రాద్దామన్నాడు అతడు. అది సులభమే. కాని నకలు ఉన్నదని అసలును పోనివ్వడం మన విభాగపు పద్ధతి కాదు. సబ్‌స్టేషనులో బ్యాటరీ బ్యాంకు మార్చేటప్పుడు ఏమి చేస్తాము? రెండవ బ్యాంకును సమాంతరంగా కలిపి, భారం దాని మీదికి వచ్చిన తరువాతనే మొదటిదాని లింకు తీస్తాము. డీసీ సరఫరా ఒక్క క్షణం పోకూడదు. ఇక్కడ బ్యాంకు స్థానంలో రెండు పెన్సిలు సెల్లులు, మధ్యలో ఒక కిలో ఓం నిరోధం, వెంట్రుక వంటి రెండు తీగలు.

ఆ క్యాసెట్టు స్క్రూకు మామూలు డ్రైవరు పట్టదు, దానికి ప్రత్యేకమైన తల ఉంటుంది. అది నా దగ్గర ఉన్నది. ధ్రువాలు మూడుసార్లు సరిచూశాను. ఐరన్ వేడెక్కిన తరువాత, లీకేజి ప్రమాదం లేకుండా, ప్లగ్గు తీసివేసి అతికాను. రెండు అతుకులకు ఒక వేడి. పాత బ్యాటరీ పైకి లేచినది. ఆ సమయంలో చిప్పు మా పెన్సిలు సెల్లుల మీద ఉన్నది. కుర్రవాడు ఊపిరి బిగబట్టడం నాకు వినిపించినది. చెవులున్న కొత్త బ్యాటరీని అమర్చి, మొదట ధనధ్రువం, తరువాత ఋణధ్రువం అతికి, చివర తాత్కాలిక తీగలు తీసివేశాము. పదకొండు నిమిషాల పని. 33 కేవీ లైను మీద కూడా నా చేతులు ఇంతగా చెమర్చలేదు. యంత్రంలో పెట్టి నొక్కితే, నాలుగు అక్షరాలు, 6 బిళ్ళలు, 81 గంటల 14 నిమిషాలు.

అమెరికాలో ఈ ఆటల పరిరక్షణకు పాటుపడే వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషను 2023లో ఒక అధ్యయనం ప్రకటించినది. 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటలలో 87 శాతం నేడు కొనడానికి దొరకవని తేల్చారు. అది ఆటల లెక్క. ఆడినవారి లెక్క ఎక్కడా ఉండదు. నా రిజిస్టరులో ఇప్పుడు ఒక నిలువు గడి పెరిగినది, 'పేరు' అని. మొదటి పద్నాలుగు వరుసలలో అది ఖాళీగా ఉన్నది.

విజయదశమి వెళ్ళిన వారం రోజులలో బెంగాలీలు పెద్దల ఇళ్ళకు వెళ్ళి పాదాలకు నమస్కరిస్తారు, వారు మిఠాయి పెడతారు. పరిచయం లేని ఇంటికి వెళ్ళడానికి అంతకంటె మంచి అదను లేదు. మా శ్రీమతి కూడా వచ్చినది. మాసీమాకు ఎనభై ఉంటాయి. కొబ్బరి లడ్డూలు పెట్టి, మీరెవరో గుర్తు రావడం లేదని నొచ్చుకున్నది. నేను సంచిలో నుండి ఆ ఊదా రంగు యంత్రం తీసి, జరిగినది చెప్పాను. నా బెంగాలీ అంతంత మాత్రం. ఆమె మర్యాదగా విన్నది కాని వస్తువును గుర్తుపట్టలేదు.

అప్పుడు మీట నొక్కాను. ఆటలో పాట మొదలైనది. నాలుగు స్వరాల చిన్న పాట, మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చేది.

ఆమె చేయి గాలిలో ఆగిపోయినది. "ఈ చప్పుడు," అన్నది. "రాత్రి పదకొండింటికి పై గదిలో నుండి ఈ చప్పుడు. ఆపి చదువుకోమని మెట్ల క్రింద నుండి అరిచేదాన్ని."

ఆ యంత్రానికి తెర వెనుక దీపం ఉండదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకు వంచి చూపించాను. తెర మీద ఒక ఇంటి ముందు, పూలమొక్కల పక్కన, టోపీ పెట్టుకున్న చిన్న బొమ్మ నిలబడి ఉన్నది. అదెవరని అడిగినది. ఆ రోజు ఆపినప్పుడు అబ్బాయి అక్కడ నిలబడి ఉన్నాడని చెప్పాను. నడిపించవచ్చునని, ఈ మీట నొక్కితే ముందుకు వెళ్తాడని చూపబోయాను. ఆమె నా వేలును పక్కకు నెట్టింది.

"వద్దు బాబా. అక్కడే ఉండనీ."

పాట చాలాసేపు తిరిగినది. లేచేటప్పుడు, ఈ బ్యాటరీ ఎంతకాలం ఉంటుందని అడిగినది. పదిహేనేళ్ళు తప్పక, ఇరవై కావచ్చునని చెప్పాను. ఆమె తల ఊపి, మా శ్రీమతి చేతిలో మరి రెండు లడ్డూలు పెట్టినది. క్యాసెట్టు లోపల, మూత క్రింద, మన పద్ధతి ప్రకారం చిన్న కాగితం అంటించి ఉన్నది: మార్చిన తేదీ, వోల్టేజి 3.21, తరువాతి తనిఖీ 2034.